గార్బ్ అనే ఇంగ్లీషు మాట: కట్టు, వేషం, ముసుగు తేడా తెలిసి వాడే పద్ధతి

మేడారం జాతర ముగిసిన వారం, మా హనుమకొండ కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది చదివే ఒక అమ్మాయి రెండు ఇంగ్లీషు పేపర్ ముక్కలు కత్తిరించి తెచ్చింది. ఊరు మహబూబాబాద్ దిక్కు ఒక తండా. మొదటిది జాతర ఫోటో, దాని కింద ‘ప్రీస్ట్స్ ఇన్ ట్రెడిషనల్ గార్బ్’ అని ఉంది. రెండోది కోర్టు వార్త. ఎవరో ‘అండర్ ద గార్బ్ ఆఫ్ సోషల్ సర్వీస్’ భూమి ఆక్రమించారని దాని సారాంశం. ఫోన్‌లో వెతికితే గార్బ్ అంటే దుస్తులు అని వచ్చిందట. మొదటి వాక్యానికి అది బాగానే అతికింది. రెండో దానికి ‘సమాజ సేవ దుస్తుల కింద’ అని నోటుబుక్కులో రాసుకొని అక్కడే ఆగిపోయింది.

“బట్టల కింద భూమెట్ల గుంజుకుంటరు సార్?” అని అడిగింది.

ఆ ప్రశ్న దగ్గర ఆగడమే ఆమె తెలివి. చాలామంది ఆగకుండా ముందుకు పోతారు. గ్రూప్స్‌కు చదివేవాళ్లు, పేపర్లలో అనువాదం చేసేవాళ్లు, ఇంగ్లీషులో రిపోర్టు రాయాల్సిన ఉద్యోగులు ఈ మాటను రోజూ చూస్తారు. కానీ చేతికి వచ్చేసరికి ‘డ్రెస్’ అని రాసి ఊరుకుంటారు. ఆ రోజు బోర్డు మీద మొదలుపెట్టిన పాఠాన్ని తరువాతి రెండు క్లాసుల్లోనూ సాగదీశాను. దాన్నే ఇక్కడ మెట్లుగా పెడుతున్నాను.

మొదటి మెట్టు: నోటికి అలవాటు చేసుకోండి

స్పెల్లింగు జి, ఏ, ఆర్, బి. ‘గా’ దీర్ఘం. ఇంగ్లండులో ఎక్కువమంది ‘ర్’ను మింగేసి ‘గాబ్’ అన్నట్టు పలుకుతారు, అమెరికాలో ‘ర్’ వినిపిస్తుంది. ఏది పలికినా చివర పెదవులు మూసి ఆపాలి. తెలుగులో మాట్లాడుతున్నప్పుడు గార్బు అన్నా తప్పు లేదు కానీ ఇంగ్లీషు వాక్యంలో ఆ ఉకారం వద్దు.

మధ్య రెండు అక్షరాలు తారుమారైతే ఇదే ‘గ్రాబ్’ అవుతుంది, అంటే గుంజుకోవడం. ఆ అమ్మాయి తెచ్చిన కోర్టు వార్తలో రెండు మాటలూ ఉన్నాయి, ‘ల్యాండ్ గ్రాబ్’ అనీ ‘అండర్ ద గార్బ్’ అనీ. పరీక్షలో ఇవి రెండూ మారిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. రాసిన తరువాత ఒకసారి వేలు పెట్టి చదువుకుంటే చాలు.

గార్బేజ్‌కూ దీనికీ చుట్టరికం లేదు. గార్బేజ్ మొదట్లో కోడి కోసినప్పుడు తీసి పక్కన పెట్టే పేగులు, కాళ్లు వంటి వాటికి పేరు. గార్బుల్ అంటే మాటను కలగాపులగం చేయడం. అది జల్లించడం అన్న అర్థమున్న అరబ్బీ మాట నుంచి వచ్చింది. ఇక పెద్ద నిఘంటువు తెరిస్తే గార్బ్‌కు ‘గోధుమ పన’ అనే అర్థం కూడా కనిపిస్తుంది. అది పూర్తిగా వేరే మాట, స్పెల్లింగు మాత్రం ఒకటే. ఐరోపా రాజవంశాల చిహ్నాల్లో కట్టగట్టిన పంటను అలా అంటారు. చెస్టర్ ఎర్లుల చిహ్నంలో అలాంటి పనలు మూడు ఉంటాయి. క్రాస్‌వర్డు పూరించేటప్పుడు తప్ప మనకు దానితో పని పడదు.

రెండో మెట్టు: ‘ఎవరిది?’ అని అడగండి

అసలు సంగతి ఇక్కడుంది. గార్బ్ అంటే బట్టలే కానీ అన్ని బట్టలూ గార్బ్ కావు. చూడగానే తొడుక్కున్న మనిషి ఎవరో, ఏ పనివాడో, ఏ సమూహానికి చెందినవాడో, ఏ సందర్భంలో ఉన్నాడో చెప్పేసే బట్టలే గార్బ్. అందుకే ఈ మాట ముందో వెనకో ‘ఎవరిది?’, ‘ఎలాంటిది?’ అన్న ప్రశ్నకు జవాబు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. క్లెరికల్ గార్బ్ అంటే చర్చి ఫాదర్లది. ప్రిజన్ గార్బ్ ఖైదీలది. మిలిటరీ గార్బ్ సైనికులది. సెరిమోనియల్ గార్బ్ ఉత్సవానిది. ట్రెడిషనల్ గార్బ్ తరతరాల ఆనవాయితీది. జవాబు దొరకని చోట ఈ మాట అక్కర్లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పొద్దున ఆరు గంటలకు హనుమకొండ బస్టాండులో నిలబడ్డారనుకోండి. అంగీ, ప్యాంటు వేసుకొని కరీంనగర్ బస్సు కోసం చూసే మనిషి ఒంటి మీద ఉన్నవి బట్టలు, ఇంగ్లీషులో క్లోత్స్. ఆయన ఎవరో ఆ బట్టలు చెప్పడం లేదు. పక్కనే నల్ల లుంగీ, నల్ల అంగీ, మెడలో మాల, కాళ్లకు చెప్పుల్లేకుండా ఒకాయన నిలబడ్డాడు. అడగకుండానే మన నోట ‘స్వామీ’ అని వస్తుంది. ఇంకొకాయన కాషాయంలో ఉన్నాడు, కొండగట్టు అంజన్న మాల వేసుకున్నాడని తెలుస్తుంది. ఈ ఇద్దరి ఒంటి మీద ఉన్నది గార్బ్. ఆ స్వామి నలభై ఒక్క రోజుల తరువాత అదే నల్ల అంగీని ప్యాంటు మీద వేసుకొని ఆఫీసుకు పోతే అది మళ్లీ ఉత్త అంగీయే. బట్ట మారలేదు, అది చెప్పే మాట మారింది.

ఇంకో తేడా కూడా ఇక్కడే పట్టుకోవాలి. గార్మెంట్ అంటే ఒక్క వస్త్రం, గార్బ్ అంటే తల నుంచి కాలి దాకా కలిసి కనిపించే కట్టు మొత్తం. గీసుగొండ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వల్ల మన పిల్లలకు గార్మెంట్ అన్న మాట బాగా తెలుసు. అక్కడ కుట్టేవి గార్మెంట్లు. వాటిని ఎన్ని పేర్చినా గార్బ్ కాదు. మన కురుమల గొంగడి సంగతి చూడండి. దండెం మీద ఆరేసిన గొంగడి ఒక వస్త్రం. అదే గొంగడి భుజాన, తలకు రుమాలు, మోకాలి పైకి బిగించి కట్టిన ధోతి, ఇవన్నీ కలిసి గొర్రెల వెనక నడిచే మనిషి మీద కనిపిస్తే ‘ఎ షెపర్డ్ ఇన్ హిజ్ ట్రెడిషనల్ గార్బ్’ అని రాయవచ్చు.

ఈ భావానికి తెలుగులో అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ‘కట్టూ బొట్టూ’. చీర కట్టిన తీరు, బొట్టు పెట్టిన తీరు చూసి ఏ ఊరి పిల్లో, ఏ ఇంటి పిల్లో చెప్పే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉండేవారు. నిఘంటువులు ఈ మాట ఇవ్వకపోవడం నాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది. దుస్తులు అన్నప్పుడు గుడ్డ ఒక్కటే కనిపిస్తుంది. కట్టూ బొట్టూ అన్నప్పుడు మనిషి కనిపిస్తాడు.

మూడో మెట్టు: మాట వెనక్కి నడిచి చూడండి

మూలం తెలిస్తే అర్థం మరిచిపోరు, అందుకే ఈ మెట్టు దాటవేయవద్దు. ఇటాలియన్‌లో గార్బో అంటే తీరు, సొగసు, పద్ధతిగా ఉండడం. అది ఫ్రెంచి గుండా పదహారో శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట బట్టలు కాదు, మనిషి నడవడిక, రీతి అన్న అర్థం ఉండేది. షేక్స్పియర్ నాటకాల్లో ఇంగ్లీషు మాట్లాడే తీరును గార్బ్ అన్న చోటు ఉంది. ఒక నాటకంలో వెల్ష్ మనిషి ఇంగ్లీషును స్థానికుల ‘గార్బ్’లో మాట్లాడలేడని తక్కువగా చూసినవాణ్ని మందలిస్తారు. అక్కడ బట్టల ఊసే లేదు, యాస గురించిన మాట అది. వరంగల్ యాసకు, కరీంనగర్ యాసకు తేడా పట్టే మనకు ఆ వాడకం వెంటనే అర్థమవుతుంది. తరువాత తరువాత మనిషి తీరు నుంచి ఆ తీరును చూపే బట్టల మీదికి అర్థం జారింది.

ఇలా జారిన మాట ఇదొక్కటే కాదు. కాస్ట్యూమ్, కస్టమ్ రెండూ ఒకే లాటిన్ మాట పిల్లలు. ఒకటి వేషం, ఇంకొకటి ఆచారం. క్రైస్తవ సన్యాసినుల దుస్తులను హ్యాబిట్ అంటారు, అలవాటుకూ అదే మాట. ఇంగ్లీషువాళ్లకు బట్ట, అలవాటు, ఆచారం ఒకే మూటలో ఉన్నాయన్నమాట. మనకూ అంతే. బట్ట కట్టుకుంటాం, మాటకు కట్టుబడతాం, ఊరికి కట్టుబాటు ఉంటుంది. మూడింట్లోనూ ఉన్నది ‘కట్టు’ అన్న ఒక్క క్రియే. నేను క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా తల ఎత్తారు.

నాలుగో మెట్టు: వాక్యంలో కూర్చోబెట్టండి

గార్బ్‌ను లెక్కపెట్టరు. నీళ్లు, బియ్యం లాగా మొత్తంగా చూసే మాట ఇది. ‘టూ గార్బ్స్’, ‘మెనీ గార్బ్స్’ అనకూడదు. గార్బ్స్ అన్న బహువచనం పాత పుస్తకాల్లో కనిపిస్తుంది, దాన్ని చూసి మోసపోవద్దు. వరంగల్ చౌరస్తాలో పండగకు కొన్నది కూడా గార్బ్ కాదు. ‘ఐ బాట్ న్యూ గార్బ్ ఫర్ దసరా’ అంటే ఇంగ్లీషువాడికి వింతగా వినిపిస్తుంది, అక్కడ క్లోత్స్ అనాలి. ఇది రాతలో, వార్తలో, ప్రసంగంలో వాడే మాట. ఇంట్లో, దుకాణంలో, స్నేహితుల మధ్య దీనికి చోటు లేదు.

ముందు వచ్చే విభక్తి లాంటి మాట ‘ఇన్’. ‘ఇన్ ట్రెడిషనల్ గార్బ్’, ‘ఇన్ మాంక్స్ గార్బ్’ అంటారు. ‘విత్ గార్బ్’ అనరు, ‘ఆన్ గార్బ్’ అనరు. మన ‘బట్టల మీద’ అన్న వాడుక అలవాటు వల్ల కొందరు ‘ఆన్’ పెడుతుంటారు.

‘ఇన్ ద గార్బ్ ఆఫ్’ అన్నప్పుడు మాత్రం చెవి రిక్కించాలి. ‘ఎ మాన్ ఇన్ యూనిఫామ్’ అంటే ఆయన పోలీసే. ‘ఎ మాన్ ఇన్ ద గార్బ్ ఆఫ్ ఎ పోలీస్‌మాన్’ అంటే పోలీసు వేషంలో ఉన్న మనిషి. నిజంగా పోలీసేనా అన్న అనుమానం ఆ వాక్యంలోనే దాగి ఉంది. ఎప్పుడూ కాదు, ‘ఇన్ ద గార్బ్ ఆఫ్ ఎ పిల్‌గ్రిమ్’ అంటే నిజమైన యాత్రికుడే కావచ్చు. ముందూ వెనకా వాక్యాలు చదివి తేల్చుకోవాలి.

క్రియగా వాడితే దాదాపు ఎప్పుడూ ‘గార్బ్‌డ్ ఇన్’ రూపమే. ‘ద విడో వాజ్ గార్బ్‌డ్ ఇన్ వైట్’, ‘ద డివోటీస్ వర్ గార్బ్‌డ్ ఇన్ బ్లాక్’ అంటారు. ‘షి గార్బ్స్ హర్ సన్ ఫర్ స్కూల్’ అని ఎవరూ రాయరు, డ్రెసెస్ అంటారు.

ఐదో మెట్టు: చుట్టాల మాటలతో పోల్చి చూడండి

ఒకే ఊళ్లో ఉండే ఇన్ని మాటల్లో ఏది ఎక్కడికి పోవాలో తేల్చడం కష్టం, అందుకే ఈ మెట్టు మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను.

కాస్ట్యూమ్‌తో మొదలుపెడదాం, ఎక్కువ తప్పులు దాంతోనే జరుగుతాయి. కాస్ట్యూమ్ వేదికది. నాట్యశాస్త్రం చెప్పిన ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అనే నాలుగు అభినయాల్లో ఆహార్యంలోకి వచ్చేదే కాస్ట్యూమ్. కాకతీయుల కాలపు జాయప సేనాని రాసిన నాట్య గ్రంథం నృత్త రత్నావళినీ, రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకొని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవమనే వీర నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారు. ఈనాడు పేరిణి నర్తకుడు వేదిక మీద తొడిగేది కాస్ట్యూమ్. కాకతీయుల కాలపు వీరుడు ఏం ధరించేవాడు అని వ్యాసం రాస్తే అక్కడ ‘ద గార్బ్ ఆఫ్ ఎ కాకతీయ వారియర్’ అనవచ్చు. బట్టలు ఒకేలా ఉన్నా ఒకటి ఆటకు, ఇంకొకటి బతుకుకు.

గుస్సాడి ఆట విషయంలో ఈ తేడా ఇంకా ముఖ్యం. ఆదిలాబాద్ దిక్కు రాజ్‌గోండులు దీపావళి రోజుల్లో జరుపుకునే దండారిలో నెమలి ఈకల పెద్ద టోపీ పెట్టుకొని, ఒంటికి రంగులు పూసుకొని ఆడతారు. వాళ్లకు ఆ టోపీ పూజలందుకునే వస్తువు, ఆ వేషంలో ఉన్నన్ని రోజులూ నియమాలుంటాయి. గుస్సాడి కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు దేశమంతా ఆ టోపీని చూసింది. దాన్ని కాస్ట్యూమ్ అని రాసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఊళ్లో జరిగే దండారి గురించి రాస్తే ‘సెరిమోనియల్ గార్బ్’ అనో ‘రిచువల్ అటైర్’ అనో రాయాలి. ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో వేదిక మీద చూపించే ప్రదర్శన అయితే కాస్ట్యూమ్ అన్నా కొంతవరకు ఒప్పుకుంటాను.

అటైర్ అన్న మాట గార్బ్‌కు అక్క లాంటిది. మర్యాద ఎక్కువ, అనుమానం తక్కువ. ఆహ్వాన పత్రికలో ‘ఫార్మల్ అటైర్’ అని ఉంటుంది కానీ ‘ఫార్మల్ గార్బ్’ అని ఉండదు. బతుకమ్మ నాడు వేయి స్తంభాల గుడి ముందర పట్టుచీరల్లో వచ్చిన ఆడబిడ్డల గురించి రాస్తే ‘ఫెస్టివ్ అటైర్’ బాగుంటుంది. ‘ఫెస్టివ్ గార్బ్’ తప్పు కాదు, కానీ దూరం నుంచి చూసి రాసినట్టు ఉంటుంది.

యూనిఫామ్ అంటే మాటలోనే ఉంది, ఒకే రూపం. పై అధికారి నిర్ణయించిందై, అందరికీ ఒకేలా ఉండాలి. ఆర్టీసీ డ్రైవరు ఖాకీ యూనిఫామే. లాయరు నల్లకోటుకు నియమం ఉన్నా దాన్ని యూనిఫామ్ అనడం తక్కువ, కోర్టు దుస్తులు అన్న అర్థంలో డ్రెస్, రోబ్స్, గార్బ్ అన్నీ వాడతారు. రిగేలియా రాజలాంఛనాలకు పుట్టిన మాట. కిరీటం, దండం, మెడలో హారం వంటివన్నీ కలిపి చెప్పాలంటే అది. లివరీ ఒకప్పుడు యజమాని తన నౌకర్లకు ఇచ్చే దుస్తులు, ఇప్పుడు విమానాలకు, బస్సులకు వేసే రంగుల తీరు కూడా. గేర్ పనిముట్లతో కూడిన తొడుగు, సింగరేణి గని కార్మికుడి హెల్మెట్, బూట్లు, లైటు అన్నీ కలిపితే గేర్. గార్బ్‌కూ గేర్‌కూ వెనక్కి పోతే రక్తసంబంధం ఉందని నిఘంటుకారులు చెబుతారు.

ఆరో మెట్టు: ముసుగు అర్థాన్ని పట్టుకోండి

ఇప్పుడు ఆ అమ్మాయి ఆగిపోయిన చోటికి వద్దాం. ‘అండర్ ద గార్బ్ ఆఫ్’ అన్నప్పుడు బట్టలు ఎక్కడా లేవు. తెలుగులో ‘ముసుగులో’, ‘పేరిట’, ‘నెపంతో’, ‘మాటున’. ‘సమాజ సేవ ముసుగులో భూమి ఆక్రమించారు’ అని రాస్తే అయిపోయింది. ఇన్నేళ్లుగా తెలుగు పేపర్లు చదువుతున్న మనకు ఇది కొత్త భావం కాదు. ముసుగు కూడా గుడ్డే కదా. మొహం మీద కప్పుకునే గుడ్డ మోసానికి పేరైనట్టే, ఒంటి మీద వేసుకునే గార్బ్ కూడా మోసానికి పేరైంది. మేకవన్నె పులి, గోముఖ వ్యాఘ్రం అన్న మాటలు పుట్టిన చూపే ఇది.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ ‘అండర్ ద గార్బ్ ఆఫ్’ మన దేశపు ఇంగ్లీషులో, ముఖ్యంగా కోర్టు తీర్పుల్లో, పిటిషన్లలో, పేపర్లలో ఎక్కువ. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో రాసేవాళ్లు అదే చోట ‘అండర్ ద గైజ్ ఆఫ్’ అంటారు. మన వాడకం తప్పు అని నేను అనను. లక్షలమంది చదువుకున్నవాళ్లు, జడ్జీలు తరాలుగా రాస్తున్న మాట అది. విదేశీ పత్రికకు రాస్తే గైజ్ వాడండి, ఇక్కడి కోర్టుకు రాస్తే గార్బ్ నిశ్చింతగా వాడండి.

చట్టంలో మాత్రం గార్బ్ అసలు అర్థంతోనే ఉంది, అందరూ తెలుసుకోవాల్సిన చోట ఉంది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో 171వ సెక్షన్ ఒక తరగతి ప్రభుత్వోద్యోగుల్లో లేనివాడు ఆ ఉద్యోగులు వాడే గార్బ్‌ను పోలినది తొడుక్కొని, లేదా వాళ్ల టోకెన్‌ను, అంటే గుర్తు వంటిదాన్ని, పోలినది పట్టుకొని, తానే ఆ ఉద్యోగినని జనం నమ్మాలన్న ఉద్దేశంతో తిరిగితే నేరం అంది. శిక్ష మూడు నెలల వరకు జైలు, లేదా 200 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 205వ సెక్షన్ అయింది, జరిమానా 5,000 రూపాయల వరకు పెరిగింది. సైనికుల విషయానికి పాత చట్టంలో 140, కొత్త చట్టంలో 168 సెక్షన్లు వేరుగా ఉన్నాయి. అక్కడా ఇవే రెండు మాటలు, గార్బ్, టోకెన్.

యూనిఫామ్ అనకుండా గార్బ్ అనడంలో చట్టం రాసినవాళ్ల తెలివి ఉందని నా నమ్మకం. యూనిఫామ్ అంటే నిర్ణీతమైన రూపం. నకిలీ పోలీసు బిళ్ల సరిగ్గా కుట్టించుకోలేదనో, బెల్టు రంగు వేరనో వాదించే సందు ఉంటుంది. గార్బ్ అంటే చూసేవాడి కంటికి ఎలా కనిపించాడన్నదే లెక్క. పోలి ఉంటే చాలు.

ఇక్కడ మన పిట్టల దొర గుర్తుకొస్తాడు. కొందరు తుపాకి రాముడు అంటారు, లత్కోరు సాబ్ అంటారు. ఖాకీ కోటు, టోపీ, భుజాన కట్టె తుపాకి, వాడకట్టులో నిలబడి కోటలు దాటే మాటలు. ఆయన వేసింది దొరల గార్బ్. పగటి వేషగాళ్లు కూడా పోలీసు వేషం కట్టి ఇంటింటికీ వచ్చేవారు. ఆ వేషాలు నేరం కావు. ఎందుకంటే నమ్మించి మోసం చేయాలన్న ఉద్దేశం అక్కడ లేదు, వేషమని వేసినవాడికీ తెలుసు, చూసిన చిన్నపిల్లకూ తెలుసు. సెక్షన్‌లోని ఉద్దేశం అన్న ఒక్క మాట కళాకారుడినీ మోసగాడినీ వేరు చేస్తుంది. ఇంగ్లీషులో పిట్టల దొర గురించి రాస్తే ‘ఇన్ ద గార్బ్ ఆఫ్ ఎ కలోనియల్ ఆఫీసర్’ అని రాయండి, ‘అండర్ ద గార్బ్ ఆఫ్’ అని మాత్రం ఎప్పుడూ రాయవద్దు. ఒక చిన్న మాట ‘ఇన్’ బదులు ‘అండర్’ అయితే ఒక కళాకారుడిని దొంగను చేసినట్టవుతుంది.

ఏడో మెట్టు: తెలుగులోకి తెచ్చేటప్పుడు

నేను పిల్లలకు ఇలా చెబుతాను. గౌరవంగా చూసే చోట ‘సంప్రదాయ వస్త్రధారణ’ లేదా ‘కట్టూ బొట్టూ’. నాటకం, మారువేషం ఉన్న చోట ‘వేషం’, ‘వేషధారణ’. బట్టలే లేని చోట ‘ముసుగులో’, ‘పేరిట’. ‘ఓల్డ్ ఐడియాస్ ఇన్ న్యూ గార్బ్’ లాంటిది వస్తే ‘పాత ఆలోచనకు కొత్త రంగు పూశారు’ అంటే సరిపోతుంది. వేషం అన్న మాటతో కొంచెం జాగ్రత్త కావాలి. సంస్కృతంలో దానికి దుస్తులు అన్న అర్థం మామూలే, కానీ మన వాడుకలో ‘వేషాలెయ్యకు’ అని తిట్టే దాకా వచ్చింది. మేడారం పూజారుల గురించి ‘సంప్రదాయ వేషంలో’ అని రాస్తే చదివేవాళ్లలో సగం మందికి నటన గుర్తొస్తుంది. అందుకే మొదటి పేపరు ముక్కకు నేను ఒప్పుకున్న అనువాదం ‘సంప్రదాయ వస్త్రధారణలో పూజారులు’.

ఎనిమిదో మెట్టు: చేసి చూడండి

ఈ నాలుగింటికీ మీరే మాట ఎంచుకొని, తరువాత కింద చూడండి. ఒకటి, కాకతీయ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో గౌన్లు వేసుకున్న పట్టభద్రులు. రెండు, బ్యాంకు అధికారినని ఫోన్ చేసి, సాయం చేస్తానన్న పేరుతో డబ్బు కాజేసినవాడు. మూడు, ఐనవోలు మల్లన్న జాతరలో కథ చెప్పే ఒగ్గు కళాకారుడు. నాలుగు, ఆస్పత్రిలో తెల్లకోటు వేసుకొని రోగుల దగ్గర డబ్బులు గుంజిన బయటి మనిషి.

మొదటిదానికి ‘అకడమిక్ రోబ్స్’ లేదా ‘అకడమిక్ డ్రెస్’, గార్బ్ అంటే కూడా అర్థమవుతుంది. రెండోదానికి ‘అండర్ ద గార్బ్ ఆఫ్ హెల్పింగ్’, ఫోన్‌లో బట్టలు కనిపించవు కాబట్టి ‘ఇన్ ద గార్బ్ ఆఫ్ ఎ బ్యాంకర్’ కుదరదు. నాలుగోదానికి ‘ఇన్ ద గార్బ్ ఆఫ్ ఎ డాక్టర్’, అది ప్రభుత్వ ఆస్పత్రి అయితే 205వ సెక్షన్ కూడా చదవాల్సి వస్తుంది. మూడోదాని మీద క్లాసులో గంటసేపు వాదన జరిగింది. కథ చెప్పడం కళ కాబట్టి కాస్ట్యూమ్ అని కొందరు, మల్లన్న కొలువులో చెబుతున్నాడు కాబట్టి గార్బ్ అని కొందరు. ఒగ్గుకథ పూజా, ప్రదర్శనా రెండూ అని నేను గార్బ్ వైపే నిలబడ్డాను.

పాఠం అయిపోయాక ఆ అమ్మాయి ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. వాళ్ల నాయనమ్మ. అద్దాలు కుట్టిన కాంచళి, ఎర్రటి పేటియా, తల మీద టుక్రి, మోచేతుల పైదాకా తెల్ల గాజులు. కాలేజీ పత్రికకు పంపాలట, ఇంగ్లీషులో కింద ఒక లైను రాయాలట.

“లంబాడా కాస్ట్యూమ్ అని రాయద్దు, గది సమజైంది సార్. ట్రెడిషనల్ గార్బ్ అని రాయాల్నా?”

“నీ నాయనమ్మ ఇట్ల ఎప్పుడు కట్టుకుంటది బిడ్డా?”

“ఎప్పుడేంది సార్, రోజూ గిట్లనే. చేనుకు పోయినా గివే.”

“మరి నీకు ఆమె ఒంటి మీద కనిపిస్తున్నది ఏంది?”

కొంచెంసేపు ఫోటోనే చూసింది. తరువాత నోటుబుక్కు తీసి రాసింది: ‘మై గ్రాండ్‌మదర్, ఇన్ హర్ ఎవ్రీడే క్లోత్స్.’